నెపోలియన్ కాలపు జనరల్ సర్వీసు చరిత్రను తేదీవారీగా కట్టడం ఎలా: గ్యూదాన్ ఉదాహరణతో

నెపోలియన్ సైన్యంలో ఏ డివిజన్ జనరల్ గురించి వెతికినా దాదాపు ఒకే పేరా దొరుకుతుంది. ఫలానా ఊళ్లో పుట్టాడు, ఆస్టర్లిట్జ్, యేనా, వాగ్రామ్ యుద్ధాల్లో పోరాడాడు, కౌంట్ అయ్యాడు, ఫలానా చోట చనిపోయాడు. ఒకరు రాసింది చూసి ఇంకొకరు రాసుకుంటూ పోయినవే వీటిలో ఎక్కువ. ఆ పేరాను ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకీ ఆధారం చూసుకుని, తేదీల వరసలో మళ్లీ ఎలా కూర్చాలో ఇక్కడ చెబుతున్నాం. వికీపీడియాకు వ్యాసం రాసేవాళ్లకి, వీడియోకి స్క్రిప్టు సిద్ధం చేసుకునేవాళ్లకి, యుద్ధ బోర్డు గేములు ఆడేవాళ్లకి ఈ పద్ధతి పనికొస్తుంది.

ఉదాహరణగా సెజార్ షార్ల్ ఎతియెన్ గ్యూదాన్‌ను తీసుకున్నాం. మార్షల్ దావూ కింద ఏళ్ల తరబడి డివిజన్లు నడిపిన ముగ్గురిలో అతను ఒకడు. మిగతా ఇద్దరు మోరాన్, ఫ్రియాన్. 1768 ఫిబ్రవరి 13న మోంతార్జీలో పుట్టి, 1812 ఆగస్టులో స్మొలెన్స్క్‌లో చనిపోయాడు. ఇలాంటి పనిలో ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఇతని ఒక్కడి చరిత్రలోనే కనిపిస్తాయి.

ముందు పట్టిక గీసుకోండి

పేరాలు రాయడం తర్వాత. ముందు స్ప్రెడ్‌షీట్ తెరిచి ఏడు గడులు పెట్టండి: తేదీ, మూలంలో ఆ తేదీ ఎలా రాసి ఉందో అలాగే, హోదా, చేసిన ఉద్యోగం, పై అధికారి, చోటు, ఆధారం. రెండో గడి అనవసరం అనిపిస్తుంది గానీ తీసేయకండి. తేదీని మార్చి రాసుకుని అసలు రూపాన్ని పారేస్తే, తర్వాత తప్పు దొరికినా ఎక్కడ జరిగిందో పట్టుకోలేరు.

హోదాకి, ఉద్యోగానికి వేర్వేరు గడులు ఉండాలి. ‘డివిజన్ జనరల్’ హోదా. ‘మూడో కోర్‌లో మూడో డివిజన్ కమాండర్’ ఉద్యోగం. కోర్ అంటే కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళం. హోదా ఉన్నంత మాత్రాన చేతిలో డివిజన్ ఉండాలని లేదు. డివిజన్ జనరల్ కోట గవర్నర్‌గానో, ఏదో జిల్లా సైనిక అధికారిగానో ఉండొచ్చు. ‘జనరల్ ఎన్ షెఫ్’ హోదా కాదు, ఒక సైన్యానికి అధిపతిగా ఉన్నంతకాలం వాడే పిలుపు. మార్షల్ కూడా చట్టరీత్యా హోదా కాదు, 1804 మే 19న మొదటి 18 మందితో మొదలైన గౌరవం.

1. మనిషిని తేల్చుకోండి

గ్యూదాన్ ఇంట్లో జనరల్స్ నలుగురు. బాబాయి ఎతియెన్ గ్యూదాన్ జనరల్. మన గ్యూదాన్ కొంతకాలం ఆయన దగ్గరే ఏడీసీగా (వెంట ఉండే సహాయ అధికారిగా) చేశాడు. తమ్ముడు పియెర్ సెజార్ జనరల్ అయ్యాడు. కొడుకూ జనరలే. యుద్ధ నివేదికల్లో మాత్రం ‘జనరల్ గ్యూదాన్’ అనే ఉంటుంది, మొదటి పేరు రాయరు. పారిస్‌లోని విజయ తోరణం మీద చెక్కిన పేర్లలోనూ ఇంటిపేరే ఎక్కువ. అక్కడ పేరు కింద గీత ఉంటే ఆ మనిషి యుద్ధంలో పోయాడని గుర్తు. మనిషిని తేల్చుకోవడానికి అదొక చిన్న ఆసరా.

కాబట్టి కుటుంబంలో సైన్యంలో పనిచేసినవాళ్లందరి పుట్టుక, చావు, హోదా తేదీలు ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టుకోండి. 1793, 1794 నాటి కాగితంలో ‘జనరల్ గ్యూదాన్’ అని కనిపిస్తే అది బాబాయే. మనవాడు అప్పటికి జనరల్ కాలేదు.

పేరును తెలుగులో రాసుకున్నా, ఫ్రెంచి స్పెల్లింగ్ పూర్తిగా పట్టికలో పెట్టుకోండి. ఫ్రెంచిలో చివరి అక్షరాలు పలకరు కాబట్టి తెలుగు ఉచ్చారణ నుంచి వెనక్కి వెళ్లి స్పెల్లింగ్ ఊహించడం కుదరదు. ‘ద లా సబ్లొన్యేర్’ అనే తోకతోనూ, తోక లేకుండానూ, రెండు రకాలుగా వెతకండి. విప్లవ కాలంలో ప్రభు వంశాల తోకలు కాగితాల్లోంచి మాయమై, సామ్రాజ్యం రాగానే మళ్లీ వచ్చాయి.

మన నేలతో సంబంధం ఉన్న జనరల్ కావాలంటే దకాఁ ఉన్నాడు. 1802 అమియెన్స్ ఒప్పందం తర్వాత పుదుచ్చేరి, యానాం వగైరా ఫ్రెంచి స్థావరాలకు కెప్టెన్ జనరల్‌గా బయల్దేరాడు. 1803 జులైలో పుదుచ్చేరి చేరేసరికి ఇంగ్లీషువాళ్లు ఇంకా అప్పగించలేదు. దాంతో మారిషస్ వెళ్లి 1810 దాకా అక్కడే ఉన్నాడు. హైదరాబాద్‌లో సమాధి ఉన్న రేమండ్ మాత్రం ఈ లెక్కలోకి రాడు. అతను నిజాం కొలువులో పనిచేసి 1798 మార్చిలో చనిపోయాడు.

2. కాగితాలు ఎక్కడ, దేన్ని ఎంతవరకు నమ్మాలి

ఫ్రెంచి అధికారుల వ్యక్తిగత ఫైళ్లు పారిస్ పక్కన వెన్సెన్ కోటలోని రక్షణ శాఖ చరిత్ర విభాగంలో ఉంటాయి. డివిజన్ జనరల్స్‌వి ‘7 వైడీ’ వరసలో, బ్రిగేడ్ జనరల్స్‌వి ‘8 వైడీ’ వరసలో చూడాలి. సైనికుల, అధికారుల నమోదు పుస్తకాలు చాలావరకు ‘మెమ్వార్ దేజోమ్’ సైట్‌లో బొమ్మలుగా ఉచితంగా దొరుకుతాయి. లెజియన్ ఆఫ్ ఆనర్ (ఫ్రాన్స్ ప్రభుత్వ పురస్కారం) ఫైళ్లు ‘లియొనోర్’ డేటాబేస్‌లో ఉంటాయి. అచ్చయిన ఉత్తరాలు, నివేదికల కోసం ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం డిజిటల్ సైట్ ‘గాలికా’ చూడండి.

ఫైల్లో మొదట చూడాల్సింది సర్వీసు పట్టీ. ఏ హోదా ఎప్పుడు, ఏ దండయాత్ర, ఏ గాయం అన్నీ ఒక పేజీలో ఉంటాయి. ఎంత ముచ్చటగా ఉన్నా దాన్ని యథాతథంగా ఎక్కించకండి. పింఛను లెక్క కోసమో, కొత్త ప్రభుత్వానికి అర్జీ కోసమో తయారైన పట్టీలు చాలా ఉన్నాయి. దండయాత్రలను సంవత్సరాల లెక్కన వేస్తారు. ‘1805 దండయాత్ర’ అని ఉంటే ఆ ఏడాది ఆ సైన్యంలో ఉన్నాడనే అర్థం. ఫలానా యుద్ధంలో ఉన్నాడని కాదు.

లియొనోర్‌లో ఫైలు పలచగా ఉంటే కంగారుపడొద్దు. 1871లో పారిస్ కమ్యూన్ సమయంలో లెజియన్ భవనం తగలబడింది. అంతకు ముందరి కాగితాలు చాలావరకు తర్వాత పోగుచేసి కట్టినవే. సామ్రాజ్య కాలంలోనే చనిపోయినవాళ్లకి ఈ లోటు ఎక్కువ.

సైన్యం అచ్చేసిన బులెటిన్లను తేదీకీ చోటుకీ వాడుకోండి, అంకెలకి మాత్రం వాడొద్దు. ‘బులెటిన్‌లా అబద్ధాలాడుతున్నాడు’ అని ఆ సైనికులే చెప్పుకునేవారు.

3. తేదీలు మార్చుకోండి

1793 శరత్కాలం నుంచి 1805 డిసెంబరు 31 వరకు ఫ్రెంచి కాగితాల్లో విప్లవ క్యాలెండర్ తేదీలుంటాయి. నెలకు 30 రోజుల చొప్పున పన్నెండు నెలలు, చివర అయిదు అదనపు రోజులు. 3, 7, 11 సంవత్సరాల్లో ఆరు. నెలల వరస: వెందెమియేర్, బ్రూమేర్, ఫ్రిమేర్, నివోజ్, ప్లువియోజ్, వెంతోజ్, జెర్మినాల్, ఫ్లొరెయాల్, ప్రెయిరియాల్, మెసిదోర్, తెర్మిదోర్, ఫ్రుక్తిదోర్.

సంవత్సరం మొదలయ్యే రోజు తెలిస్తే చాలు. 1, 2, 3, 5, 6, 7 సంవత్సరాలు సెప్టెంబరు 22న మొదలవుతాయి. 4, 8, 9, 10, 11, 13, 14 సంవత్సరాలు సెప్టెంబరు 23న. 12వ సంవత్సరం ఒక్కటే 24న. మొదటి సంవత్సరం అంటే 1792లో మొదలైనది.

గ్యూదాన్ బ్రిగేడ్ జనరల్ అయింది 7వ సంవత్సరం ప్లువియోజ్ 17న. ప్లువియోజ్ అయిదో నెల. ముందు గడిచిన నాలుగు నెలలకు 120 రోజులు, ఈ నెలలో గడిచినవి 16, మొత్తం 136. 1798 సెప్టెంబరు 22కి 136 రోజులు కలిపితే 1799 ఫిబ్రవరి 5. అలాగే డివిజన్ జనరల్ అయిన 8వ సంవత్సరం మెసిదోర్ 17: తొమ్మిది నెలలకు 270, ఆపైన 16, మొత్తం 286. 1799 సెప్టెంబరు 23 నుంచి లెక్కేస్తే 1800 జులై 6 వస్తుంది. ఇక్కడే చాలామంది ఒక రోజు తప్పుతారు. 1800 నాలుగుతో భాగించబడినా లీపు సంవత్సరం కాదు, ఆ ఏడు ఫిబ్రవరికి 28 రోజులే. ఎక్సెల్‌ని నమ్ముకున్నా లాభం లేదు, 1900కి ముందరి తేదీలను అది తేదీలుగా తీసుకోదు.

రష్యన్ మూలాల్లో ఇంకో చిక్కు ఉంది. వాళ్లు పాత క్యాలెండర్ వాడేవారు. 18వ శతాబ్దంలో అది 11 రోజులు వెనక, 19వ శతాబ్దంలో 12 రోజులు. గ్యూదాన్ బ్రిగేడ్ స్విట్జర్లాండ్‌లోని గొతార్డ్ కనుమను రష్యన్ సేనాని సువొరోవ్ సైన్యం నుంచి కాపాడబోయి వదులుకున్న రోజు మన లెక్కలో 1799 సెప్టెంబరు 24. రష్యన్ కాగితంలో సెప్టెంబరు 13. ఫ్రెంచి కాగితంలో 8వ సంవత్సరం వెందెమియేర్ 2. మూడూ ఒకటే రోజు. పట్టికలో మూడు వరసలుగా పడితే అతను లేని యుద్ధాలు రెండు పుట్టుకొస్తాయి.

ఒకే పదోన్నతికి రెండు తేదీలు కనిపిస్తే రెండూ నిజమే అయి ఉండొచ్చు. రణరంగంలో సేనాపతి తాత్కాలికంగా ఇచ్చిన హోదాను ప్రభుత్వం తర్వాత ఖాయం చేసేది. ఒక తేదీని కొట్టేయకుండా రెండూ రాసి, ఏది ఏదో పక్కన గుర్తు పెట్టండి.

4. హోదాల పేర్లు చూసి మోసపోవద్దు

1793 ఫిబ్రవరి 21 చట్టం పాత రాజరికపు పేర్లు తీసేసింది. కల్నల్ ‘షెఫ్ ద బ్రిగాద్’ అయ్యాడు, లెఫ్టినెంట్ కల్నల్ ‘షెఫ్ ద బతాయోఁ’ అయ్యాడు. మారెషాల్ ద కాం బ్రిగేడ్ జనరల్‌గా, లెఫ్టినెంట్ జనరల్ డివిజన్ జనరల్‌గా మారారు. గూగుల్ అనువాదం ‘షెఫ్ ద బ్రిగాద్’ను బ్రిగేడ్ అధిపతి అంటుంది. నిజానికి అతను నడిపేది ఒక దెమీ బ్రిగేడ్, అంటే రెజిమెంటు అంత దళం. 1803లో కల్నల్ అనే పేరు తిరిగొచ్చింది.

‘అజ్యుదాన్ జెనెరాల్’ అసలు జనరలే కాదు. సిబ్బంది కార్యాలయంలో పనిచేసే కల్నల్ స్థాయి అధికారి. 1800 నుంచి ‘అజ్యుదాన్ కొమాందాన్’ అన్నారు. గ్యూదాన్ స్టాఫ్ ఉద్యోగాల మీదుగా పైకొచ్చినవాడు కాబట్టి ఈ మాట అతని కాగితాల్లో తగులుతుంది. దాన్ని జనరల్‌గా అనువదిస్తే పదోన్నతి కొన్నేళ్లు ముందుకు జరిగిపోతుంది.

1814లో బూర్బన్ రాజులు తిరిగొచ్చాక మారెషాల్ ద కాం, లెఫ్టినెంట్ జనరల్ పేర్లు మళ్లీ వాడుకలోకి వచ్చాయి. 1813లో డివిజన్ జనరల్, 1815లో లెఫ్టినెంట్ జనరల్ అని కనిపిస్తే హోదా తగ్గినట్టు కాదు. పేరు మారిందంతే.

5. దళాల నంబర్లు

రెజిమెంటు నంబరు ఒకటే అయినంత మాత్రాన దళం ఒకటే కాదు. పాత రాజు రెజిమెంటులోని ఒక బెటాలియన్‌ను రెండు వాలంటీర్ల బెటాలియన్లతో కలిపి దెమీ బ్రిగేడ్లు చేశారు. 1796లో వాటిని మళ్లీ కలిపి కొత్త నంబర్లు ఇచ్చారు. 1803 సెప్టెంబరులో దెమీ బ్రిగేడ్ అనే పేరు పోయి రెజిమెంటు వచ్చింది. 1796 నుంచి 1814 వరకు నంబరును మామూలుగా నమ్మొచ్చు. అంతకు వెనక్కి వెళ్లాలంటే విడిగా ఆధారం కావాలి. లైన్ పదాతి, తేలికపాటి పదాతి దళాలకు నంబర్ల వరసలు వేరు కాబట్టి, ‘7వ లైట్’ ‘7వ లైన్’ ఒకటి కావు.

సంఖ్యాబలం రాసేటప్పుడు ఉండాల్సిన సంఖ్యకీ ఉన్న సంఖ్యకీ తేడా చూడండి. 1808 ఫిబ్రవరి ఉత్తర్వు ప్రకారం బెటాలియన్‌కు ఆరు కంపెనీలు, కంపెనీకి 140 మంది, అంటే 840. రణరంగంలో ఆ సంఖ్య దాదాపు ఎప్పుడూ ఉండదు. సైన్యం ఎప్పటికప్పుడు పంపే స్థితి పట్టీల్లో ‘ఆయుధాలతో హాజరు’ అనే గడిని మాత్రమే తీసుకోండి. ఆసుపత్రిలో ఉన్నవాళ్లు, వేరే పని మీద వెళ్లినవాళ్లు పక్క గడుల్లో ఉంటారు. ముద్రిత పుస్తకాల్లో ఈ మూడింటినీ కలిపేయడం కద్దు.

6. యుద్ధంలో అతనే ఉన్నాడా?

ఈ పనిలో అసలు కష్టం ఇక్కడే. ప్రతి యుద్ధానికీ మూడు ప్రశ్నలు విడివిడిగా వేయాలి. ఆ రోజు కోర్ అక్కడ ఉందా? అతని డివిజన్ కోర్‌తోనే ఉందా? డివిజన్‌ను ఆ రోజు నడిపింది అతనేనా? గ్యూదాన్ సర్వీసులో ఈ మూడూ ఒక్కోచోట తేడా వస్తాయి.

1805 డిసెంబరు 2, ఆస్టర్లిట్జ్. దావూ మూడో కోర్ ఆ యుద్ధంలో ఉంది. కానీ ఫ్రియాన్ డివిజన్ మాత్రమే వియన్నా వైపు నుంచి రెండు రోజుల్లో నూరు కిలోమీటర్లకు పైగా నడిచి కుడి పక్కకి అందుకుంది. అదే కోర్‌కి చెందిన కఫారెల్లీ డివిజన్ ఎడమవైపు మార్షల్ లాన్ కింద పోరాడింది. గ్యూదాన్ డివిజన్ ప్రెస్‌బుర్గ్, అంటే ఈనాటి బ్రాటిస్లావా, దగ్గరే ఉండిపోయి యుద్ధానికి అందలేదు. కోర్ పేరు చూసి ఆస్టర్లిట్జ్‌ను అతని ఖాతాలో వేసే వ్యాసాలన్నీ ఇక్కడే బోల్తా పడతాయి. 2021లో పారిస్‌లో అతనికి సైనిక లాంఛనాలు జరిపింది కూడా డిసెంబరు 2నే. దాన్ని బట్టి ఈ తప్పు ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు.

1806 అక్టోబరు 14. బులెటిన్‌లో దీన్ని యేనా యుద్ధం అన్నారు, దావూ పోరాటాన్ని అందులో ఒక పక్క జరిగిన ఘట్టంగా చూపించారు. గ్యూదాన్ ఉన్నది సుమారు 20 కిలోమీటర్ల అవతల ఆవర్‌స్టెట్‌లో. పొద్దున్నే పొగమంచులో కోజెన్ దగ్గర జాలె నది వంతెన దాటి, హాసెన్‌హౌజెన్ గ్రామం దగ్గర ప్రష్యన్లను మొదట ఎదుర్కొంది అతని డివిజనే. దళాలు నాలుగు: 12, 21, 25, 85 లైన్ రెజిమెంట్లు. ప్రష్యన్ జనరల్ బ్లూషర్ అశ్వికదళం మీదికొస్తే చతురస్రాలు కట్టి నిలబడ్డారు. ఫ్రియాన్ వచ్చి కుడివైపు, ఆపైన మోరాన్ వచ్చి ఎడమవైపు నిలిచేదాకా భారమంతా వీళ్ల మీదే. కోర్ మొత్తం నష్టం ఏడు వేల వరకు ఉంటే, ఎక్కువ దెబ్బ తిన్నది ఈ డివిజనే. ‘యేనాలో పోరాడాడు’ అని మూలంలో ఉంటే మీ పట్టికలో ఆవర్‌స్టెట్ అని దిద్దుకోండి, మూలం మాటను పక్కన ఉంచండి.

అదే ఏడాది డిసెంబరు 26, పుల్తుస్క్. ఈసారి తేడా తిరగబడింది. గ్యూదాన్ డివిజన్ లాన్‌కి సాయంగా యుద్ధంలోకి దిగింది, కానీ ఆ రోజు దాన్ని నడిపింది కోర్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ దోల్తాన్. డివిజన్లను కమాండర్ పేరుతో పిలిచే అలవాటు వల్ల ‘గ్యూదాన్ డివిజన్’ అన్నమాట జనరల్ లేకపోయినా కాగితాల్లో కొనసాగుతుంది. నివేదిక కింద సంతకం ఎవరిదో చూస్తే విషయం తేలిపోతుంది.

1809 ఏప్రిల్‌లో పై అధికారి మారాడు. ఆబెన్స్‌బర్గ్ ముందు నెపోలియన్ మోరాన్, గ్యూదాన్ డివిజన్లను దావూ నుంచి తీసి లాన్‌కి తాత్కాలికంగా ఇచ్చాడు. ఏప్రిల్ 22న ఎక్‌మూల్‌లో దావూ ఒకవైపు పోరాడుతుంటే, గ్యూదాన్ దక్షిణం నుంచి లాన్‌తో వచ్చాడు. ఎక్‌మూల్ ప్రిన్స్ బిరుదు దావూది కాబట్టి గ్యూదాన్ కూడా ఆయన కిందే ఉన్నాడనుకోవడం తేలిక. జులై 5, 6 తేదీల్లో వాగ్రామ్ నాటికి మళ్లీ దావూ దగ్గరే ఉన్నాడు, అక్కడ గాయపడ్డాడు.

పై అధికారి గడిని ఖాళీగా వదిలేయడం మామూలుగా జరిగే తప్పు. దాన్ని నింపితేనే ఇలాంటివి బయటపడతాయి.

7. చివరి యుద్ధం, చావు

1812లో గ్యూదాన్ దావూ ఒకటో కోర్‌లో మూడో డివిజన్ కమాండర్. ఆగస్టు 19న ఆ డివిజన్‌ను స్మొలెన్స్క్ తూర్పున మార్షల్ నేయ్‌కి సాయం పంపారు. ఆ యుద్ధాన్ని ఫ్రెంచివాళ్లు వలూతినా అంటారు, రష్యన్లు లూబినో అంటారు. రష్యన్ తేదీ ఆగస్టు 7. పేరూ తేదీ రెండూ మారడంతో దీన్ని రెండు యుద్ధాలుగా లెక్కపెట్టే ప్రమాదం ఎక్కువ.

ఫిరంగి గుండు కాళ్లకు తగిలింది. ఎడమ కాలు తీసేశారు, కుడి కాలి పిక్క చితికిపోయింది. స్మొలెన్స్క్‌లో 22న చనిపోయాడు. గాయం తేదీ, చావు తేదీ వేర్వేరు వరసల్లో వేయండి. ‘వలూతినాలో చనిపోయాడు’ అని రాసేవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తారు. డివిజన్‌ను జెరార్ తీసుకున్నాడు. ఆ డివిజన్‌లోని 127వ రెజిమెంటుకు నెపోలియన్ ఆ రణరంగంలోనే గద్ద పతాకం ఇచ్చాడు. జెరార్ పేరు మీ పట్టికలో ఉంటే, సెప్టెంబరు 7 నాటి బొరొదినోను గ్యూదాన్ ఖాతాలో ఎవరూ వేయలేరు.

గాయం గురించి ఇంత కచ్చితంగా ఎందుకు రాసుకోవాలో 2019లో తెలిసింది. గుండెను పారిస్ పంపి పెర్ లషేజ్ శ్మశానంలో ఉంచారు, దేహం స్మొలెన్స్క్‌లోనే ఉండిపోయింది. ఫ్రెంచి, రష్యన్ పురావస్తు బృందం మొదట ఒక సాక్షి వర్ణన వెంట వెళ్లి తవ్వితే దొరకలేదు. ఇంకో సాక్షి వర్ణన ప్రకారం వేరే చోట తవ్వితే శవపేటిక బయటపడింది. అస్థిపంజరానికి ఎడమ కాలు లేదు, కుడి కాలికి దెబ్బ ఉంది. గ్యూదాన్ అనుకోవడానికి మొదటి ఆధారం అదే, కుటుంబీకుల అవశేషాలతో పోల్చిన డీఎన్‌ఏ పరీక్ష దాన్ని ఖాయం చేసింది. 2021 డిసెంబరు 2న పారిస్‌లోని సైనిక స్మారక భవనం ఇన్వాలిద్‌లో లాంఛనాలు జరిగాయి.

8. చిన్నప్పటి ముచ్చట్లు, 1815 తర్వాతి సంగతులు

గ్యూదాన్ బ్రియెన్ సైనిక పాఠశాలలో చదివాడు. నెపోలియన్ కూడా అక్కడే చదివాడు, 1779 నుంచి 1784 వరకు. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులని రాసేముందు ఒక్క క్షణం ఆగండి. ఒకే బడిలో ఉన్నారని చెప్పడానికి నమోదు పుస్తకం చాలు. స్నేహం అనాలంటే ఆ కాలపు ఉత్తరమో, మాటో కావాలి. అది లేకపోతే ‘అదే బడిలో చదివాడు’ దగ్గర ఆపండి.

మీరు ఎంచుకున్న జనరల్ 1814 దాటి బతికితే పట్టికలో ఎనిమిదో గడి పెట్టాలి: ‘రద్దు’. నెపోలియన్ 1815లో వంద రోజులకు తిరిగొచ్చినప్పుడు ఇచ్చిన పదోన్నతులను రాజు ఆ వేసవిలోనే రద్దు చేశాడు. వాటిలో కొన్నింటిని 1830 తర్వాత మళ్లీ గుర్తించారు. ఒకే మనిషికి ఒకే హోదా రెండుసార్లు వచ్చినట్టు కనిపిస్తే కారణం ఇదే, రెండు తేదీలనూ ఉంచండి. ఫ్రియాన్ వాటర్లూలో నెపోలియన్ సొంత గార్డు దళపు గ్రెనేడియర్లను నడిపి గాయపడ్డాడు, 1829లో చనిపోయాడు. అతని చివరి పద్నాలుగేళ్లకు యుద్ధ నివేదికలేవీ పనికిరావు. పింఛను ఫైలు, వీలునామా, నోటరీ కాగితాలు చూడాలి. వీలునామా, నోటరీ కాగితాలు వెన్సెన్‌లో ఉండవు, ఆ జనరల్ ఉన్న జిల్లా ఆర్కైవ్‌లో వెతకాలి.